నీడ పడకూడని మొక్కజొన్న చేను

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక గ్రంథాలయాన్ని నేల లోపల కట్టారు. రెండంతస్తులూ భూమి కిందే ఉంటాయి. 1960లలో దాని కోసం ఎంచుకున్న జాగా పక్కన చిన్న మొక్కజొన్న చేను ఉంది. మామూలు భవనం లేపితే పైరు మీద నీడ పడుతుంది, నీడ పడితే దిగుబడి లెక్క తప్పుతుంది. అందుకే భవనాన్ని కిందికి దించారని ఆవరణలో ఎవరిని అడిగినా చెబుతారు. 1969 నుంచి దశాబ్దాలపాటు విద్యార్థులు మెట్లు దిగి వెళ్లి చదువుకున్నారు. పైన చేను మాత్రం పూర్తి ఎండలో పండుతూనే ఉంది.

ఆ చేను పేరు మారో ప్లాట్స్. ఆచార్యులు మాన్లీ మైల్స్, జార్జ్ మారో పూనుకుని 1876లో మొదలుపెట్టిన ప్రయోగ క్షేత్రం ఇది. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలు రెండింటిలోనూ ఆగకుండా సాగుతున్న వ్యవసాయ ప్రయోగాల్లో ఇంతకంటే పాతది లేదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన గోధుమ ప్రయోగం దీనికి అన్నగారు. మొదట ఇక్కడ పది మడులు ఉండేవి. చుట్టూ విశ్వవిద్యాలయం పెరిగేకొద్దీ ఏడు పోయి మూడు మిగిలాయి. 1968లో ఈ మూడింటినీ జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. కోటలకు, యుద్ధభూములకు ఇచ్చే హోదా ఒక చేనుకు దక్కింది.

మూడు మడుల్లో మూడు పద్ధతులు. ఒకదాంట్లో 1876 నుంచి ఏటా మొక్కజొన్నే వేస్తున్నారు. రెండో మడిలో మొక్కజొన్నకూ ఓట్స్‌కూ మార్పిడి జరిగేది. 1967 నుంచి ఓట్స్ బదులు సోయా చిక్కుడు వచ్చింది. మూడోదాంట్లో మొక్కజొన్న, ఓట్స్, ఆ తరువాత నేలకు నత్రజని ఇచ్చే పశుగ్రాసపు పైరు వంతులవారీగా తిరుగుతాయి. 1904లో సిరిల్ హాప్కిన్స్ అనే మృత్తికా శాస్త్రవేత్త ఒక్కో మడినీ చిన్న చెక్కలుగా విడగొట్టించారు. కొన్నింటికి పశువుల ఎరువు, సున్నం, భాస్వరం ఇచ్చి, కొన్నింటిని ఏమీ ఇవ్వకుండా వదిలేశారు. ఇన్నేళ్లలో పిడికెడు ఎరువు కూడా తినని చెక్కలు ఆ చేలో ఇప్పటికీ ఉన్నాయి. వేసవిలో దారిన పోయేవాళ్లకు కూడా ఎత్తులోనూ రంగులోనూ తేడా తెలిసిపోతుంది. ఒకచోట మనిషిని మించిన ముదురాకుపచ్చ పైరు, నాలుగడుగులు వేస్తే పసుపు తిరిగిన సన్నని కాడలు.

ఇంత పట్టుదలగా ఈ ప్రయోగం చేయడానికి కారణం అక్కడి మట్టే. ఇల్లినాయ్ నేల నల్లగా ఉంటుంది. మన నల్లరేగడి లాంటిదే అనిపిస్తుంది గానీ పుట్టుక వేరు. మన రేగడి నలుపుకు ప్రధానంగా రాతి నుంచి వచ్చిన ఖనిజాలు కారణం. అక్కడ హిమానీనదాలు కరిగిపోయాక గాలి మోసుకొచ్చి పరిచిన మెత్తని మట్టి మీద వేల ఏళ్లు నిలువెత్తు గడ్డి పెరిగి, దాని వేళ్లు కుళ్లి కుళ్లి నలుపు దిగింది. ఆ జిగురు మట్టికి లొంగే నాగలి కోసం జాన్ డీర్ అనే కమ్మరి 1837లో ఇదే రాష్ట్రంలో నునుపైన ఉక్కు నాగలి చేశాడు. ఆ తరువాత తేమ నేలల్లో మట్టిగొట్టాలు పాతి నీరు తీసి, చూపు ఆనినంత మేర దున్నేశారు. ఈ నేల సారానికి అంతే లేదని రైతులు నమ్మిన కాలమది. నిజమేనా అని నేలనే అడిగి చూద్దామన్నారు మైల్స్, మారో.

నేల తీరిగ్గా జవాబు చెప్పింది. ఏటా మొక్కజొన్నే వేసిన చోట దిగుబడి తగ్గుతూ వచ్చింది, మట్టిలోని సేంద్రియ పదార్థం తరిగింది. పంట మార్పిడి జరిగిన మడి మెరుగ్గా నిలిచింది. 1955లో ఇంకో విచిత్రం జరిగింది. అప్పటిదాకా ఏమీ తినని కొన్ని చెక్కలకు సున్నం, నత్రజని, భాస్వరం, పొటాష్ వేస్తే, దిగుబడి చూస్తుండగానే ఎగబాకి యాభై ఏళ్లుగా పోషణ అందిన చెక్కల దరిదాపులకు వచ్చింది. నేల అలసిపోయింది గానీ చావలేదన్నమాట. అయితే గింజ తిరిగొచ్చినంత తేలిగ్గా మట్టిలోని నలుపు తిరిగి రాలేదు. 1904 నుంచి తీసిన మట్టి నమూనాలను విశ్వవిద్యాలయం దాచి ఉంచింది కాబట్టి, నాడు ఊహకైనా రాని పరీక్షలను నేటి పరిశోధకులు ఆ మట్టి మీద చేయగలుగుతున్నారు. నా దృష్టిలో మారో చేను కన్నా గొప్ప సంపద ఆ మట్టి భాండాగారం.

ఇంత ఓపిక ఏ ప్రైవేటు కంపెనీకీ ఉండదు. ప్రజల భూమితో పుట్టిన సంస్థ కాబట్టే ఇది సాధ్యపడింది. జొనాథన్ బాల్డ్విన్ టర్నర్ అనే ఇల్లినాయ్ విద్యావేత్త, కష్టజీవుల పిల్లలకూ విశ్వవిద్యాలయం కావాలని 1850లలో ఊరూరా తిరిగి చెప్పాడు. వెర్మాంట్‌కు చెందిన జస్టిన్ మోరిల్ అనే కమ్మరి కొడుకు అమెరికా కాంగ్రెస్‌లో ఆ ఆలోచనతో బిల్లు పెట్టాడు. 1862 జూలై 2న, అంతర్యుద్ధం నడుస్తుండగానే, అబ్రహాం లింకన్ దాని మీద సంతకం చేశాడు. ఒక్కో కాంగ్రెస్ సభ్యుడికి 30,000 ఎకరాల చొప్పున రాష్ట్రానికి భూమి లేదా భూమి పత్రాలు ఇస్తారు. అవి అమ్మిన డబ్బుతో వ్యవసాయం, యాంత్రిక విద్యలు నేర్పే కళాశాల నడపాలి. పదహారు మంది సభ్యులున్న ఇల్లినాయ్‌కి 4,80,000 ఎకరాల పత్రాలు వచ్చాయి. ఈ భూములన్నీ ఆదివాసీ జాతుల నుంచి ఒప్పందాల పేరుతోనో, బలవంతంగానో లాక్కున్నవి. ఈ మాట చెప్పకుండా ఆ విశ్వవిద్యాలయాల కథ రాస్తే సగమే రాసినట్టు. నల్లజాతి విద్యార్థుల కళాశాలల్లో చాలావాటికి 1890లోనూ, ఆదివాసీ కళాశాలలకు 1994లోనూ గానీ ఈ వ్యవస్థలో చోటు దొరకలేదు.

ఇల్లినాయ్ సంస్థ 1868 మార్చిలో యాభై మంది విద్యార్థులతో తలుపులు తెరిచింది. ‘విద్య, శ్రమ’ అన్నది దాని ఆదర్శం. తొలి రోజుల్లో విద్యార్థులు పాఠాలతో పాటు చేతిపని కూడా చేయాల్సి వచ్చేది. 1887లో హాచ్ చట్టం వచ్చి పరిశోధనా కేంద్రాలకు కేంద్ర నిధులు ఇచ్చింది. ఆ ఊపులోనే 1896లో హాప్కిన్స్ 163 మొక్కజొన్న కండెలతో ఇంకో సుదీర్ఘ ప్రయోగం మొదలుపెట్టారు. ఏటా నూనె ఎక్కువున్న కండెల గింజలు ఒకవైపు, తక్కువున్నవి మరోవైపు, మాంసకృత్తులకూ అలాగే. వంద తరాలు దాటేసరికి, 5 శాతం లోపున్న నూనె ఒక వంగడంలో 20 శాతం దాటింది. అది రైతు పొలానికి పనికొచ్చే వంగడం కాదు. కానీ ఎంపిక అనేది విత్తనాన్ని ఎంత దూరం తీసుకెళ్లగలదో ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగం అరుదు.

ఆవరణకు దక్షిణంగా మూడు గుండ్రని పశువుల కొట్టాలు కనిపిస్తాయి. 1908 ప్రాంతంలో కట్టిన మొదటిదాని వ్యాసం 60 అడుగులు. నడుమ పాతరగడ్డి నింపే పొడవాటి గోపురం, దాని చుట్టూ లోపలికి తల పెట్టి నిలబడే పాడి ఆవులు. ఒక్క మనిషి మధ్యలో నిలబడి అన్నిటికీ మేత వేయవచ్చు, కలప కూడా తక్కువ పడుతుంది. రైతులకు మాటలతో చెప్పడం కాకుండా కట్టి చూపించారు.

పరిశోధన ఫలితాలను రైతులకు చేరవేసే విస్తరణ అంటే చూపించడమే. 1914లో స్మిత్-లీవర్ చట్టం దానికి పక్కా ఏర్పాటు చేసింది గానీ, ఇల్లినాయ్ పల్లెలు అంతకుముందే మేలుకున్నాయి. మకూపిన్ జిల్లాలో విల్ ఓట్వెల్ అనే ఆయన 1900 ప్రాంతంలో పిల్లలకు మంచి విత్తనాలు పంచి పోటీలు పెట్టాడు. పెద్దలు వినని మాట పిల్లల చేనులో పండింది. దేశమంతా పాకిన 4-హెచ్ బాలల సంఘాలకు అలాంటి పోటీలే నాంది. 1912లో డికాల్బ్ జిల్లా రైతులు చందాలు వేసుకుని సొంతంగా ఒక వ్యవసాయ సలహాదారును నియమించుకున్నారు. నేడు రాష్ట్రంలోని 102 జిల్లాలకూ విశ్వవిద్యాలయ విస్తరణ సేవలు అందుతున్నాయి. తెగుళ్ల సలహాలే కాదు, పెరటి తోటలు, ఆహారం నిల్వ చేసుకోవడం, ఇంటి ఖర్చుల లెక్క కూడా నేర్పుతారు.

ఈ విశ్వవిద్యాలయం ఉన్న అర్బానాకు మన దేశంతో చుట్టరికం పాతదే. రవీంద్రనాథ్ ఠాగూర్ కుమారుడు రథీంద్రనాథ్ ఇక్కడే వ్యవసాయం చదివి 1909లో పట్టా తీసుకున్నాడు. 1912-13 చలికాలంలో విశ్వకవి కొడుకూ కోడలితో అర్బానాలో కొన్ని నెలలు ఉన్నారు. నోబెల్ వచ్చింది ఆ మరుసటి శీతాకాలం మొదట్లోనే. గ్రామాల కోసం 1922లో ఆయన స్థాపించిన శ్రీనికేతన్‌లో ఆ చదువు కలిసిపోయింది. 1960లో పంత్‌నగర్‌లో దేశపు తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు చేయూతనిచ్చింది ఇల్లినాయే. మన రాజేంద్రనగర్‌లో 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఇదే కోవకు చెందిన కేన్సస్ స్టేట్ తోడు నిలిచింది. అక్కడి ఆచార్యులు ఇక్కడికి వచ్చారు, ఇక్కడి అధ్యాపకులు అక్కడికి వెళ్లి చదివారు. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కింద ఉండాలన్న నియమం అలా మన నేలకు వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత గుంటూరు దగ్గర లాం కేంద్రంగా ఒకటి, రాజేంద్రనగర్‌లో ఒకటిగా ఆ ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయం రెండై నడుస్తోంది. దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు మనకూ ఉన్నాయి. కోయంబత్తూరులో 1909 నుంచి ఒకటి సాగుతోంది, జగిత్యాలలో వరి మీద ఒకటి జరుగుతోంది. నిధులు తగ్గాయనో, స్థలం కావాలనో అలాంటి మడిని ఒక్క ఏడు ఆపినా, పోయేది ఆ ఒక్క ఏడు కాదు. అంతకుముందు కూడబెట్టిన వరుస మొత్తం.

షికాగో నుంచి అర్బానా-షాంపేన్‌కు దాదాపు 220 కిలోమీటర్లు; రైలు సౌకర్యం ఉంది. మారో మడులు గ్రెగరీ డ్రైవ్ వీధి పక్కనే ఆరుబయట ఉంటాయి, టికెట్టు లేదు. గట్టు మీద నిలబడి చూడాలి, పైరులోకి దిగకూడదు. జూలై, ఆగస్టు నెలల్లో వెళితే చెక్కకూ చెక్కకూ తేడా బాగా కనిపిస్తుంది. చలికాలంలో మంచు తప్ప ఏమీ ఉండదు. అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే మన రైతు కుటుంబాల పెద్దలు షికాగో వైపు వెళితే ఒక పూట దీనికి కేటాయించుకోండి. ఆ చేనుకు 2026తో 150 ఏళ్లు.