నేపాళమునకు బండిమీద: అపోహలు – వాస్తవములు

హైదరాబాదున బయలుదేరి, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాదుల మీదుగా నాగపూరు చేరి, పెంచ్ అడవిలో మృగములు క్రిందుగా దాటిపోవుటకై ఎత్తుగా కట్టిన మార్గమును గడచి, జబల్పూరు, రీవా, కాశి, గోరఖ్‌పూరుల వెంట ఉత్తరాభిముఖముగా సాగిపోయినచో, ఇంచుమించు 1,500 కిలోమీటర్ల మీద సునౌలి యను చిన్న ఊరు వచ్చును. సరుకు లారీలును, రిక్షాలును, మూటలు నెత్తిన పెట్టుకొని నడచు స్త్రీలును కిక్కిఱిసియుండు ఆ ఊరి వీథి చివర నొక ద్వారము కలదు. దాని కావలిది నేపాళము. విమానమెక్కకుండ, ఓడ యెక్కకుండ, మన వాకిట నిత్యము తుడిచి నిలుపుకొను బండిమీదనే పోయి పరదేశమున అడుగుపెట్టు భాగ్యము తెలుగువానికి ఇంత సులభముగా లభించు చోటు మఱియొకటి లేదని నా అభిప్రాయము.

అయినను ఈ ప్రయాణమును గూర్చి మనవారిలో రెండు విధములైన భ్రమలు వ్యాపించియున్నవి. విదేశమనగానే గుండె జారి, లేని నిబంధనలను ఊహించుకొని ఇల్లు కదలనివారు కొందఱు. నేపాళము మన పొరుగు జిల్లా వంటిదే కదాయని, ఉన్న నిబంధనలను సైతము విచారింపక బయలుదేరువారు మఱికొందఱు. భయపడినవాడు ఇంటనే యుండును గనుక వానికి కలుగు నష్టము చూడవలసినది చూడకపోవుటయే. చనువు చేసికొన్నవాని నష్టము మాత్రము త్రోవ నడుమ కనబడును. దసరా వెళ్లిన వెనుక ప్రయాణము కట్టిన నా మేనల్లుడు తన మిత్రులవలన విన్న మాటలనన్నిటిని ఒక కాగితముమీద వ్రాసికొని నాకడకు తెచ్చెను. వానికి చెప్పిన సమాధానములనే ఇచ్చట కొంత విస్తరించుచున్నాను.

“పాస్‌పోర్టు, వీసా, అంతర్జాతీయ లైసెన్సు ఉండి తీరవలెను”

భారతీయునికి నేపాళమునకు వీసా అక్కరలేదు. 1950 జూలై 31న రెండు దేశముల నడుమ కుదిరిన శాంతి మైత్రీ సంధి ననుసరించి పరస్పరము రాకపోకలకును, నివాసమునకును స్వేచ్ఛ ఏర్పడినది. ఆ స్వేచ్ఛయే నేటికిని సాగుచున్నది. పాస్‌పోర్టు లేనివాడు ఓటరు గుర్తింపు కార్డుతో పోవచ్చును. ఆధారు కార్డొక్కటియే చాలునని చాలమంది నమ్ముదురు గాని, విమానమున పోవువారి విషయమున అది పదునైదేండ్ల లోపు పిల్లలకును, అఱువదియైదేండ్లు దాటిన పెద్దలకును మాత్రమే అంగీకరింపబడుచున్నది. కావున నేలమీద పోవువాడును ఓటరు కార్డునో పాస్‌పోర్టునో వెంట నుంచుకొనుటయే క్షేమము. మన డ్రైవింగు లైసెన్సు అచ్చట చెల్లును. మనవలెనే అచ్చటను బండ్లు ఎడమప్రక్కనే నడచును. ఇక దూరదేశయాత్రికుల నోట వినబడు ‘కార్నే’ యను పత్రము, అనగా బండిని తిరిగి స్వదేశమునకు తెత్తునని పూచీపడు దస్తావేజు, పాకిస్తాను, ఇరాను వంటి దేశములు దాటువారికి కావలసినదే గాని, నేపాళమునకు పోవువాడు దానికై చింతింప పనిలేదు.

“మనిషికి వీసా లేదు గనుక బండికిని ఏమియు అక్కరలేదు”

ఈ యొక్క అపోహకడ నేను కొంచెము నిలువవలెను. ఏలయన స్వేచ్ఛ మనిషికే గాని బండికి లేదు. సరిహద్దు దాటిన వెంటనే నేపాళ సుంకశాలకు, అచ్చటివారు ‘భన్సారు’ అని పిలుచు కార్యాలయమునకు పోయి, బండి ఆర్.సి.యు, లైసెన్సును చూపి, ఎన్ని దినములు ఉండదలచితిమో చెప్పి, దినమునకింతయని రుసుము చెల్లించి, రసీదు పుచ్చుకొనవలెను. ఒక సంవత్సరములో పరదేశపు బండి ముప్పది దినములకు మించి అచ్చట నుండరాదు. రసీదు గడువు దాటిన పిమ్మట పట్టుబడినచో జుల్మానా తప్పదు. బండి జప్తు కావలసిన పరిస్థితియు రావచ్చును. సరిహద్దు ద్వారముకడ ఎవరును మనల నాపి రసీదు ఏదని అడుగకపోవచ్చును, అంతమాత్రమున దాని యవసరము లేదని తలపరాదు. అడుగువారు బుట్వల్ దాటిన తరువాత, కొండదారి మలుపున ఎదురగుదురు.

ఈ రసీదులో తొలిసారి పోవువానిని తికమకపెట్టు విషయమొకటి కలదు. దానిమీద తేదీ విక్రమ సంవత్సరమున ఉండును. మనము పంచాంగములలో శాలివాహన శకము వాడినట్లు నేపాళీయులు విక్రమ శకమును వాడుదురు గాని, మనకు అది పూజకును పురోహితునికిని పరిమితము కాగా, వారికి కోర్టు కాగితము మొదలుకొని బడి సెలవు వఱకు అదియే వ్యవహారము. వారి సంవత్సరము ఏప్రిల్ నడుమ మేషసంక్రాంతితో మొదలగును. నెలలు సూర్యగమనము ననుసరించి మన ఇంగ్లీషు నెలల మధ్య మొదలై మధ్య ముగియును. 2022లో నేను పోయినప్పుడు అక్టోబరు 28న, సునౌలి ద్వారమున కావలనున్న బెలహియాలో, పదునొకండు దినములకు సొమ్ము కట్టి రసీదు తీసికొంటిని. తొమ్మిదవనాడు తాన్‌సేన్‌లో, కొండ వాలున మెట్లు మెట్లుగా దిగు ఆ పాతబజారులో, మఱి వారము దినములు ఉండిపోవలెనని బుద్ధి పుట్టి రసీదు తీసి చూచితిని. దేవనాగరి అంకెలలో 2079, తరువాత 07, తరువాత 21 అని యుండెను. ఇరువదియొకటి గదా, నేడు నవంబరు అయిదవ తేదీయే గదా, గుమాస్తా దయదలచి అధిక దినములు వ్రాసెనని నేను సంతోషించితిని. సత్రపు యజమానుడు ఆ కాగితమును దీపముకడకు తీసికొనిపోయి చదివి, ఏడవ నెలయనగా కార్తికమనియు, కార్తికము ఇరువదియొకటి ఎల్లుండియే యనియు చెప్పి, గోడమీది తమ క్యాలెండరును దింపి నా యెదుట పెట్టెను. అందు పెద్ద అంకెలలో వారి తేదీయు, మూలలో చీమతలకాయంత అంకెలలో మన తేదీయు ఉన్నవి. ఇరువదియొకటి గడిలో మూలనున్నది 7. మఱునాడు తెల్లవారుజాముననే దిగివచ్చితిని. నాటినుండి ప్రయాణమగువారికి నేను మొట్టమొదట చెప్పు మాట ఇది: రసీదు చేతికి రాగానే కిటికీ వదలకుండ, ఆ తేదీ మన లెక్కలో ఏదో గుమాస్తాను అడిగి, రసీదు వెనుక మన అంకెలలో వ్రాసికొనుడు.

బండి తండ్రిపేరనో బావగారిపేరనో ఉన్నచో, యజమాని సంతకముతో కూడిన అధికారపత్రము వెంట ఉండవలెను. ఫోనులోని డిజీలాకరులో అన్నియు ఉన్నవి గదా యను యువకులకొక మాట: ఆ ప్రతులను గౌరవింపవలసినదిగా మన ప్రభుత్వము శాసించినది మన అధికారులను, పరదేశపు సుంకశాలను కాదు. అసలు కార్డులు, వాని నకళ్లు రెండేసి, తడవని సంచిలో వేరుగా పెట్టుకొనవలెను.

“ఇన్సూరెన్సు ఉన్నది గదా, ఎక్కడైనను చెల్లును”

చెల్లదు. పాలసీ కాగితమును ఎన్నడును పూర్తిగా చదువని మన అలవాటు ఇచ్చట మిక్కిలి హానికరము. ఆ కాగితములో భౌగోళిక పరిధి యని యొక గడి యుండును; అందు సాధారణముగా భారతదేశమని మాత్రమే యుండును. అనగా సునౌలి ద్వారము దాటిన క్షణమునుండి ఆ బండికి రక్షణ లేదన్నమాట. అయితే ఈ లోపమును సరిచేయు మార్గము చిరకాలముగా ఉన్నది: స్వల్పమైన అధిక ప్రీమియము పుచ్చుకొని, నేపాళము, భూటాను, బంగ్లాదేశము, పాకిస్తాను, శ్రీలంక, మాల్దీవులలో కోరిన దేశమునకు ఆ పరిధిని పొడిగించు ఏర్పాటు మన మోటారు బీమాలో కలదు. తెలిసి అడుగువారు అరుదు గనుక, ఏజెంటులలోనే కొందఱు దాని నెఱుగరు. ఒక ఏజెంటు నాతో అట్టిదేదియు లేదని గట్టిగా వాదించెను. కార్యాలయమునకే పోయి అడుగగా, రెండు దినములలో పొడిగింపు పత్రము చేతికి వచ్చెను. ప్రయాణమునకు పక్షము ముందుగానే అడుగవలెను. నోటిమాటతో తృప్తిపడక కాగితముమీద వ్రాయించుకొనవలెను. పరదేశమున ప్రమాదము జరిగి ఎదుటివాడు గాయపడినచో, పరిహారము తేలువఱకు బండిని ఠాణాలోనే నిలిపియుంచవచ్చును. ఆనాడు జేబులో ఈ కాగితమున్న వానికిని లేని వానికిని గల భేదమును వేఱుగ వివరింప నక్కఱలేదు.

“హిమాలయములకు పెద్ద ఇంజను బండి కావలెను”

ఇది దుకాణములవారికి మేలుచేయు అపోహ. నేపాళమనగా ఆసాంతము మంచుకొండలని మన ఊహ. కాని సునౌలినుండి బుట్వల్ వఱకు పైరుపొలముల నడుమ సాగు సమతలమే. లోయ నడుమనున్న పోఖరా సముద్రమట్టమునకు సుమారు 820 మీటర్ల ఎత్తున ఉన్నది. మన అరకు దానికంటె ఎత్తైనది. కాఠ్మండు ఎత్తు 1,400 మీటర్లు. మన హార్స్‌లీ కొండలకంటె నూఱు మీటర్లు ఎక్కువ కావచ్చును, అంతే. అచ్చటి కుటుంబీకులు భార్యనో బిడ్డనో వెనుక కూర్చుండబెట్టుకొని నిత్యము కొండలెక్కునది 125, 150 సి.సి. బండ్లమీదనే, మన బజాజు, హీరో, టీవీఎస్ బండ్లే అచ్చటి వీథులలోను కనబడుచుండును గనుక విడిభాగములకును కొఱత యుండదు.

చూడవలసినది ఇంజను పరిమాణము కాదు, బండి ఆరోగ్యము. టైర్లలో గాడి లోతు మిగిలియున్నదా, బ్రేకు ప్యాడ్లు అరిగినవా, చైను సాగినదా, ఇవి ముందు చూడవలెను. ఎక్కుటకంటె దిగుటయే కష్టమని మైదానమున నేర్చినవారికి తెలియదు: పది కిలోమీటర్ల దిగుడులో బ్రేకునే నమ్ముకొన్నచో అది వేడెక్కి పట్టు వదలును, ఏ గేరులో ఎక్కితిమో ఇంచుమించు ఆ గేరులోనే, ఇంజను పట్టుతో దిగవలెను. ఒక క్లచ్ కేబులు, ఒక బ్రేకు లీవరు, పంచరు సామాను. ఇంతకుమించి మోయుట బండికిని మనకును భారమే.

“జూన్, జూలై మాసములలో చల్లగా ఉండును”

చల్లగానే ఉండును; కాని దారి ఉండదు. జూన్ నడుమనుండి సెప్టెంబరు వఱకు అచ్చట వర్షర్తువు. మెత్తని కొండలు నీటితో బరువెక్కి జారును. 2024 జూలై 12 వేకువన నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ నడుమ సిమల్తాల్‌కడ కొండచరియ విఱిగిపడి, రెండు బస్సులు ప్రయాణికులతోకూడ త్రిశూలి నదిలో కొట్టుకొనిపోయినవి. ఆ మార్గము దేశమున కెల్ల ప్రాణనాడి వంటిది. మారుమూల బాట కాదు. బస్సులకే దిక్కులేని చోట ద్విచక్రమువానికి ఏమి రక్షణ? దసరా వెళ్లిన పిమ్మట కార్తికమంతయు ఆకాశము నిర్మలముగా నుండి, కొండలు కడిగిపెట్టినట్లు కనబడును. సెలవు దొరకలేదని వానకాలమున పోవుటకంటె ఆ ఏడు మానుకొనుటయే మేలని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

“ముక్తినాథునికి పోవు యువకునికి కొండజబ్బు రాదు”

ఆళ్వారులు కీర్తించిన నూటయెనిమిది దివ్యదేశములలో సాలగ్రామక్షేత్రముగా ఎన్నబడు ముక్తినాథము తెలుగువారిని విశేషముగా ఆకర్షించుచున్నది. దాని ఎత్తు సుమారు 3,700 మీటర్లు. అచ్చట గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో ఇంచుమించు మూడింట రెండువంతులే. కొండజబ్బు వయస్సును, కండబలమును, భక్తిని చూచి విడిచిపెట్టదు. ఎంత వేగముగా ఎత్తు మాఱితిమి యనునదే దానికి ముఖ్యము. పోఖరానుండి ఒక్కదినమున ఎక్కిపోవుట పౌరుషము కాదు, తొందరపాటు. ఆపిలుతోటల నడుమనున్న మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో ఒకటిరెండు రాత్రులు ఆగవలెను. తలనొప్పి, వాంతి, నిద్రలేమి కనబడినచో ఇంకను పైకి పోరాదు. తగ్గనిచో దిగివచ్చుటయే వైద్యము. కాళీగండకీ లోయలో ప్రొద్దెక్కినకొలది గాలి విజృంభించును. జోమ్‌సోమ్‌కు విమానములు ఉదయముననే నడచుటకు కారణమదియే. నదిగర్భపు గులకరాళ్లమీద చక్రములు ఊగుచుండగా ప్రక్కనుండి ఆ గాలి త్రోసినచో, బరువైన బండియు అడుగు జరుగును. అందుచే ఆ భాగమును వేకువననే దాటవలెను. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతపు అనుమతిపత్రము పోఖరాలోనే తీసికొనవలెను.

మిగిలిన సందేహములు చిన్నవి. మన రూపాయికి వారి రూపాయి 1.60 చొప్పున స్థిరముగా కట్టియున్నది. పెద్దనోట్ల నిబంధనలు పలుమార్లు మాఱినవి గనుక నూఱురూపాయల నోట్లు పుచ్చుకొనిపోవుట మంచిది. 2024 మార్చినుండి యూపీఐతో చెల్లించు సదుపాయమును ఏర్పడినది గాని, కొండపల్లెల టీ బంకులో అది పనిచేయునని నమ్ముకొనరాదు. హిందీ వచ్చినచో మాట సాగును. మద్యము త్రాగి బండి నడుపువారిని కాఠ్మండు పోలీసులు ఏమాత్రము సహింపరు. 2017 ఏప్రిలునుండి ఆ నగరమున అనవసరముగా హారను కొట్టుట నిషిద్ధము. మన చేతివ్రేలికి ఈ నిషేధమే అన్నిటికంటె కష్టమగును. గడియారము పదునైదు నిమిషములు ముందునకు త్రిప్పుకొనవలెను. నేపాళపు సౌలభ్యమును చూచి భూటానును అట్లే తలపరాదు: అచ్చట భారతీయుడు రాత్రికి 1,200 రూపాయల చొప్పున రుసుము చెల్లింపవలెను; పాస్‌పోర్టో ఓటరు కార్డో లేనిదే అనుమతి దొరకదు.

తిరుగుదారిగా కాఠ్మండునుండి త్రిభువన రాజపథమున దామన్ మీదుగా హెటౌడాకును, రక్సౌలుకును దిగుమని నా మేనల్లునికి చెప్పితిని. మన దేశపు సహాయముతో 1956లో పూర్తియైన ఆ బాటయే కాఠ్మండును బయటి ప్రపంచముతో కలిపిన తొలి మోటారు మార్గము; అంతకుముందు రాణాల కార్లను కూలీలు వెదుళ్లకు కట్టి, భుజములమీద, కొండలు దాటించి తీసికొనిపోయెడివారు. నేడు బరువు లారీలు వేఱు దారి పట్టినవి గనుక ఆ మలుపులు నిశ్శబ్దముగా నున్నవి. దామన్‌లో రాత్రి నిలిచి, తెల్లవారకముందే లేచి వాకిట నిలిచినచో, మబ్బు లేనినాడు ఉత్తరమున ధవళగిరి మొదలుకొని తూర్పు కొసవఱకు మంచుశిఖరములు ఒకదాని వెనుక నొకటిగా ఎఱ్ఱబడుట కనబడును.