సూది వేళ, కూటి వేళ

కిందటి వేసవిలో నా పర్యవేక్షణలో పరిశోధన చేస్తున్న విద్యార్థి ఒకరు వారం రోజులు సెలవు కావాలని వచ్చాడు. కారణం చెప్పడానికి మొదట తటపటాయించాడు. అతని తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. పదేళ్లుగా షుగరు వ్యాధి ఉంది. మాత్రలతో అదుపు కాకపోవడంతో రెండేళ్ల కిందట ప్రభుత్వ ఆసుపత్రిలో ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఆ రోజు ఉదయం ఆరున్నరకు సూది వేసుకుని, నాలుగు ఇడ్లీలు తిని పనికి వెళ్లాడు. యార్డుకు లారీలు వరుసగా వచ్చాయి. పన్నెండున్నరకు తినవలసిన క్యారియర్ మూడైనా మూత తీయలేదు. చెమటలు పట్టాయి, మాట తడబడింది, కాళ్లు తూలాయి. బస్తాల మధ్య కూలబడిపోయాడు. 'పట్టపగలే తాగొచ్చాడు' అని నవ్వి పక్కకు జరిపారు. తల్లికి ఇదే జబ్బున్న తోటి హమాలీ ఒకరు కాసేపటికి అనుమానించి, టీ కొట్టు నుంచి చక్కెర నీళ్లు తెచ్చి తాగిస్తే మనిషి తేరుకున్నాడు.

'మందు తాగి పడిపోయాడన్నారు సార్. మందు వేసుకుని పడిపోయాడని తోచలేదు' అన్నాడు నా విద్యార్థి. ఆ ఒక్క మాటలో వైద్యమూ ఉంది, కులమూ ఉంది. శ్రమజీవి తూలితే తాగుడే కారణమని తీర్పు చెప్పడానికి మన సమాజానికి క్షణం పట్టదు. అతని రక్తంలో చక్కెర ఎంత ఉందో చూడాలన్న ఆలోచన మాత్రం రాదు. అయితే ఈ అవమానానికి వెనుక మరింత లోతైన ప్రశ్న ఒకటి ఉంది. ఆ మనిషికి ఏ ఇన్సులిన్ ఇచ్చారు? అది ఎలాంటి జీవితాన్ని ఊహించుకుని తయారైన ఇన్సులిన్?

ఆరోగ్యవంతుని శరీరంలో ఇన్సులిన్ రెండు తీరులుగా స్రవిస్తుంది. రాత్రింబవళ్లు సన్నని ధారగా కొంత, అన్నం తిన్నప్పుడల్లా ఒక్క ఉరవడిగా మరికొంత. సూదిమందు చరిత్ర అంతా ఈ రెంటినీ అనుకరించే ప్రయత్నమే. 1922 జనవరి 11న టొరంటోలో పద్నాలుగేళ్ల బాలునికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. దాన్ని కనుగొన్నవారు పేటెంటును తలా ఒక డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి అప్పగించారు. మందు అందరిదీ కావాలన్నది వారి ఆశయం. తొలినాటి ఇన్సులిన్ కొద్ది గంటలే పనిచేసేది. రోజుకు పలుమార్లు గుచ్చుకోక తప్పేది కాదు. 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త హాగెడోర్న్ చేప నుంచి తీసిన ప్రొటమిన్ అనే మాంసకృత్తిని దానికి జోడించి, నెమ్మదిగా పనిచేసేలా చేశాడు. పదేళ్లకు అది ఎన్‌పీహెచ్ ఇన్సులిన్‌గా రూపుదిద్దుకుంది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో తరచుగా కనిపించే పాలలాంటి తెల్లటి మందు సీసా దాని వారసత్వమే. అందులో ముప్పై పాళ్లు త్వరగా పనిచేసేది, డెబ్బై పాళ్లు ఎన్‌పీహెచ్.

మంచి మందే, చవకైన మందే. కాని దానికి ఒక గడియారం ఉంది. సూది వేసిన నాలుగో గంట నుంచి పదో గంట దాకా ఎన్‌పీహెచ్ ప్రభావం పతాకస్థాయిలో ఉంటుంది. ఉదయం ఆరున్నరకు వేసుకుంటే పదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర వరకు అన్నమాట. ఆ వేళకు కడుపులో అన్నం పడాలి. పడకపోతే రక్తంలో ఉన్న కాస్త చక్కెరనూ అది లాగేస్తుంది. పైగా బరువు మోసే కండరాలు తమంతట తామే చక్కెరను వాడుకుంటాయి. సూది, శ్రమ, ఆకలి మూడూ ఒకే గంటలో కలిసిన చోట మనిషి కుప్పకూలుతాడు. రాత్రి డోసుకు ఇదే ప్రమాదం అర్ధరాత్రి దాటాక నిద్రలో వస్తుంది.

దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఈ గడియారాన్ని సడలించింది. 2000 సంవత్సరంలో అమెరికాలో అనుమతి పొందిన గ్లార్జిన్‌ది ఒక చిత్రమైన ఉపాయం. సీసాలో ఆమ్లగుణంతో స్వచ్ఛమైన నీళ్లలా ఉంటుంది. చర్మం కిందికి చేరగానే అక్కడి తటస్థ స్థితిలో సన్నని రేణువులుగా పేరుకుని, సుమారు ఇరవైనాలుగు గంటలపాటు కొద్దికొద్దిగా కరుగుతుంది. పెద్ద శిఖరం లేదు, లోయ లేదు. రోజుకు ఒకసారి, ఒకే వేళకు వేసుకుంటే చాలు. తర్వాత వచ్చిన డెగ్లుడెక్ ప్రభావం నలభై గంటలు దాటుతుంది. ఇవి సన్నని ధారను మాత్రమే అనుకరిస్తాయి. టైప్ 1 రోగికి భోజనవేళ ఇన్సులిన్ వేరుగా కావాల్సిందే. టైప్ 2లో చాలామందికి మాత్రలతో పాటు రోజుకు ఈ ఒక్క సూదితో చికిత్స మొదలుపెట్టవచ్చు. ఏది, ఎంత అన్నది వైద్యుడు తేల్చవలసిన విషయం.

ఇక్కడ అతిశయోక్తి పనికిరాదు. 2003లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరీక్షలో గ్లార్జిన్, ఎన్‌పీహెచ్ రెండూ చక్కెరను దాదాపు సమానంగానే అదుపు చేశాయి. గ్లార్జిన్ తీసుకున్నవారిలో రాత్రివేళ చక్కెర పడిపోవడం తక్కువ. 2018లో అమెరికాలో వచ్చిన మరో అధ్యయనం, చక్కెర పడిపోయి అత్యవసర విభాగానికి చేరేవారి సంఖ్యలో ఈ రెంటికీ తేడా లేదని తేల్చింది. 'మరి ఖరీదైన మందు ఎందుకు?' అన్న ప్రశ్న న్యాయమైనదే. కాని 2018 నాటి రోగులు ఆరోగ్య బీమా ఉన్నవారు. వేళకు అన్నం తినే స్వేచ్ఛ తన చేతిలో లేని మనిషికి ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించలేం. కార్యాలయంలో పనిచేసే నాకు ఒంటిగంటకు భోజన విరామం ఉంది. నా బల్ల సొరుగులో బిస్కట్ల పొట్లం ఉంది. నాకు ఎన్‌పీహెచ్ సరిపోవచ్చు. హమాలీకి, తెల్లవారుజామున రోడ్డు ఊడ్చే పారిశుధ్య కార్మికురాలికి, ఇటుక బట్టీ కూలీకి, నాట్లు వేసే ఆడకూలీకి ఆ విరామం మేస్త్రీ దయ. ఈ పనుల్లో ఏ కులాలవారు ఉన్నారో చెప్పడానికి సర్వే అక్కరలేదు. భోజనవేళతో అంతగా ముడిపడని ఇన్సులిన్ అవసరం మొదట వారిది. అది మొదట చేరుతున్నది మాత్రం భోజనవేళ తప్పని ఇళ్లకు.

'మధుమేహం తిండి ఎక్కువైన వారి జబ్బు కదా' అనే భ్రమ ఇంకా విద్యావంతుల్లో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు పది కోట్లకు పైమాటే. అదే అధ్యయనంలో భాగంగా 2017లో వెలువడిన ఫలితాలు మరో సంగతి చెప్పాయి. సంపన్న రాష్ట్రాల నగరాల్లో ఈ వ్యాధి కలిగినవారి కంటే లేనివారిలోనే ఎక్కువగా కనిపిస్తోంది. కారణాల్లో ఒకటి తల్లి కడుపులోనే మొదలవుతుంది. పుణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం, తక్కువ బరువుతో పుట్టే మన పిల్లల్లో కండ తక్కువగా, కొవ్వు పాలు ఎక్కువగా ఉంటున్నదని చూపింది. తరతరాల అర్ధాకలి శరీరంలో దాచిన అప్పు అది. నడివయసులో వడ్డీతో వసూలవుతుంది.

ఈ అప్పును తీర్చవచ్చని చెప్పిన సాక్ష్యం మన హైదరాబాద్ సమీప గ్రామాల్లోనే ఉంది. 1987 నుంచి 1990 వరకు కొన్ని గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు పౌష్టికాహారం అందింది. పక్క గ్రామాల్లో అప్పటికి అది మొదలుకాలేదు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు కాస్త పొడుగ్గా ఉన్నారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత దాదాపు 20 శాతం తక్కువగా ఉంది. అంగన్‌వాడీ గిన్నెలో పడిన ముద్ద పదిహేనేళ్ల తర్వాత రక్తంలో కనిపించిందన్నమాట.

ఆకలికీ మధుమేహానికీ ఉన్న ఈ బంధాన్ని వైద్యశాస్త్రం కూడా ఊగిసలాడుతూనే ఒప్పుకుంది. పోషకాహార లోపంతో వచ్చే మధుమేహాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో ప్రత్యేక రకంగా గుర్తించి, 1999లో జాబితా నుంచి తొలగించింది. 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దాన్ని 'టైప్ 5'గా మళ్లీ గుర్తించింది. ఇందుకు ఆధారమైన పరిశోధనలో వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాల వైద్యుల పాత్ర ముఖ్యం. ఈ రకం రోగులు బక్కపలుచని మనుషులు. వీరిలో ఇన్సులిన్ లోటు ఉంటుంది, నిరోధకత ఉండదు. టైప్ 1 అని పొరబడి ఎక్కువ మోతాదు ఇస్తే, తిండి చాలని ఆ శరీరంలో చక్కెర ప్రాణాపాయ స్థాయికి పడిపోతుంది. పేదవాని వ్యాధికి పేరు పెట్టడానికి ఇంత కాలం పట్టిందంటే, ఎవరి శరీరాన్ని ప్రమాణంగా పెట్టుకుని శాస్త్రం నడుస్తున్నదో ఆలోచించాలి.

మందు సీసా ఒక్కటే మనిషిని నిలబెట్టదు. డాక్టర్ అంబేద్కర్ మధుమేహ రోగి, ఇన్సులిన్ తీసుకున్నవారు. 1948 ఏప్రిల్‌లో ఆయన వివాహమాడిన సవిత వైద్యురాలు. ఆయన ఆహారాన్ని, మందులను, వేళలను ఆమె చూసుకున్నారు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథం పూర్తి కావడానికి ఆమె వైద్యమూ, డాక్టర్ మాల్వంకర్ వైద్యమూ కారణమని ఆయనే కృతజ్ఞతతో రాసుకున్నారు. దేశానికి రాజ్యాంగం రాసిన మనిషికే ఈ వ్యాధితో బతకడానికి ఇంట్లో ఒక వైద్యురాలి కంటికి రెప్పలాంటి కాపలా అవసరమైంది. ఒక్క గది ఇంట్లో, ఇరుగుపొరుగు ఫ్రిజ్‌లో సీసా దాచుకునే కుటుంబానికి ఆ కాపలా ఎవరు కాస్తారు?

ఫ్రిజ్ సంగతి చిన్నది కాదు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. తెరిచిన గ్లార్జిన్‌ను 30 డిగ్రీలు మించకుండా 28 రోజుల వరకు వాడవచ్చు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల ఇంట్లో 30 డిగ్రీలు ఎక్కడివి? ఎదుటివారి ఫ్రిజ్ తలుపు అందరికీ తెరుచుకోదు. ఏ ఇంటి వంటగదిలోకి ఎవరు అడుగుపెట్టవచ్చునన్న పాత లెక్కలు ఇంకా చెరగలేదు. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయంతో కలిసి 2021లో ఒక ఊరటనిచ్చే సంగతి నిరూపించింది. 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలోనూ నాలుగు వారాలపాటు ఇన్సులిన్ శక్తి నిలుస్తుంది. తడి మట్టికుండలో సీసాను భద్రపరిచే పద్ధతిని ఆశా కార్యకర్తలు ప్రతి ఇన్సులిన్ రోగికీ చేసి చూపించవచ్చు. ఖర్చు ఒక కుండ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్‌లను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో 2022లో గ్లార్జిన్ చేరింది. భారతీయ సంస్థ బయోకాన్ పాలుపంచుకుని అభివృద్ధి చేసిన గ్లార్జిన్‌ను, అసలు మందుకు బదులుగా దుకాణంలోనే ఇవ్వదగిన తొలి ఇన్సులిన్‌గా అమెరికా 2021 జూలైలో ఆమోదించింది. తయారుచేసే విద్య మనకుంది, జాబితాలో పేరూ ఉంది. జాబితాలో ఉన్న మందు ప్రతి నెలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కిటికీ దగ్గర రోగి చేతికి అందుతున్నదా అన్నదే ప్రశ్న. కిడ్నీలు చెడిపోయాక డయాలసిస్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. అవి చెడిపోకుండా కాపాడే రోజువారీ సూదికి అలాంటి హామీ ఎందుకు ఉండకూడదు?

కాబట్టి రెండు తెలుగు ప్రభుత్వాల ముందు ఉంచవలసిన కోరికలు స్పష్టంగానే ఉన్నాయి. శారీరక శ్రమ చేసే, భోజనవేళ తన చేతిలో లేని రోగులకు, చక్కెర ఒకసారి పడిపోయిన వారికి గ్లార్జిన్‌ను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో ఉచితంగా ఇవ్వాలి. దానితో పాటు పరీక్ష పట్టీలూ ఇవ్వాలి. చక్కెర చూసుకోకుండా ఇన్సులిన్ మోతాదు మార్చడం కళ్లకు గంతలు కట్టుకుని నడవడమే. పాత ఇన్సులిన్‌ను ఆపకూడదు. ఎంతోమందికి అదే ఆధారం. గురుకులాల్లో చదివే టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్, ఫ్రిజ్, శిక్షణ పొందిన నర్సు ఉండాలి. మార్కెట్ యార్డుల్లో, మున్సిపల్ కార్యాలయాల్లో కార్మికులకు భోజన విరామం హక్కుగా అమలు కావాలి. అసాంక్రమిక వ్యాధుల రిజిస్టర్లలో ఎవరికి ఏ ఇన్సులిన్ అందుతున్నదో సామాజిక వర్గాల వారీగా నమోదు చేయాలి. లెక్కలోకి రానిదాన్ని పంచడం సాధ్యం కాదు.

నా విద్యార్థి తండ్రికి వైద్యుడు మందు మార్చాడు. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు ఒక్క గ్లార్జిన్ సూది, పగటిపూట మాత్రలు. మళ్లీ పడిపోలేదు. ఆ మందును కొడుకు తన ఫెలోషిప్ డబ్బుతో బయటి దుకాణంలో కొంటున్నాడు. ఫెలోషిప్ రెండు నెలలు ఆలస్యమైనప్పుడు ఆయన మళ్లీ పాత తెల్ల సీసాకు వెళ్లవలసి వచ్చింది. ఆ రెండు నెలలూ కొడుకు మధ్యాహ్నం పన్నెండున్నరకు గ్రంథాలయం నుంచి బయటికి వచ్చి తండ్రికి ఫోన్ చేసేవాడు. అడిగేది ఒకటే ప్రశ్న: 'నాన్నా, తిన్నావా?'