పాత సైనిక లారీలో వినవచ్చిన గలగల

గ్రామములలో యంత్రముల వాడుక పెరిగినకొలది వాటి చప్పుళ్ళను గుర్తెరుగుట గూడ రైతునకు ఒక పనియైనది. ఎద్దు కుంటినచో చూడగనే తెలియును. గేదె మేత మానినచో ఇంటిల్లిపాదికి తెలియును. లారీగాని ట్రాక్టరుగాని తన బాధను చాలవరకు చప్పుడు రూపముననే చెప్పుకొనవలెను. ఆ చప్పుడు ఎచ్చటినుండి వచ్చుచున్నదో కనుగొను పద్ధతిని, మేము స్వయముగా చూచిన ఒక సందర్భమును ఆధారము చేసికొని వివరింపదలచితిమి.

శివరాత్రి ఇంక పది దినములున్నదనగా, హైదరాబాదులోని రాంనగర్‌లో మా వీధి చివర షెడ్డు ముందు ఒక పాత శక్తిమాన్ లారీ వచ్చి నిలిచినది. అచ్చంపేట ప్రాంతమునకు చెందిన అన్నదమ్ములు ఇరువురు దానిని వేలములో కొని, వేరుశనగ బస్తాలను మార్కెట్టునకు చేర్చుచుండిరి. ఆ యేడు శివరాత్రికి శ్రీశైలములో జరుగు అన్నదానమునకు బియ్యము, పప్పులు చేరవేయుటకు ఒప్పుకొనియుండిరి. మన్ననూరు దాటి నల్లమల అడవిలో సాగిన దారి దోమలపెంట తరువాత మలుపులు తిరుగుచు కృష్ణానదివైపు దిగును. నిండు బరువుతో ఆ ఘాటు దిగవలసిన లారీలో ఏదియో గలగల వినవచ్చుచున్నది. అది ఏమో నాలుగు నెలలుగా ఎవరికిని చిక్కలేదు.

శక్తిమాన్‌ను గూర్చి ఇచ్చట రెండు మాటలు. 1945లో రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప అమెరికా, కెనడా దేశముల సైనిక లారీలు, జీపులు మన దేశమున మిగులు సరకుగా అమ్మకమునకు వచ్చి చాలకాలము పౌరుల చేతులలో తిరిగినవి. స్వతంత్ర భారతదేశము తన సైన్యమునకు కావలసిన లారీలను తానే నిర్మించుకొనదలచి, జర్మనీలోని మాన్ కంపెనీ సహకారముతో జబల్‌పూరులో తయారీ ప్రారంభింపగా 1959లో తొలి శక్తిమాన్ వెలువడినది. దాని తయారీ 1990ల దశకములో ఆగిపోయినది. ముందు చక్రములకును వెనుక చక్రములకును ఇంజను శక్తి అందుటచే అది ఇసుకలోను బురదలోను నడువగలదు. అయితే ఆ సౌకర్యమునకై అదనపు గేరుపెట్టె, అదనపు షాఫ్టు, వాటి జాయింట్లు ఉండును. వీటికి తోడు పనిముట్ల పెట్టెలు, డబ్బాలు పెట్టు కొక్కెములు, గుడారపు కమ్మీలు, వెనుక డాలా గొలుసులు. సైన్యమునకు ఇవి యన్నియు అవసరమే. చప్పుడు వెదకువానికి మాత్రము ఇవి యొక సంతవంటివి.

రాంనగర్, ముషీరాబాదు ప్రాంతమునకు మోటారు బండ్లతో పాత చుట్టరికము గలదు. నిజాము రాజ్యములో 1932లో 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను ప్రారంభమైన రవాణాశాఖయే 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొందినది. బస్ భవన్ ఈ చుట్టుపట్లనే యున్నది. చిక్కడపల్లి ప్రక్కనున్న కూడలిని జనులు నేటికిని ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ అనియే పిలుతురు. మా వీధి షెడ్డు మేస్త్రీగారు గూడ జీవితమంతయు బస్సుల క్రిందనే గడపిన వృద్ధులు.

"ఏం చప్పుడు తమ్మీ? ఎప్పుడొస్తది?" అని ఆయన అడిగిరి.

"ఖాళీ బండిలోనే వస్తది మేస్త్రీగారూ. నా సీటు వెనుక కుడిదిక్కు వినిపిస్తది. బస్తాలేస్తే బందయితది. అందుకే శ్రీశైలానికి భయం లేదనుకుంటున్నం" అని అన్నగారు బదులు చెప్పిరి.

ఈ కడపటి మాట వినగానే మేస్త్రీగారి ముఖము గంభీరమైనది. మాకు అప్పుడు కారణము తెలియలేదు. ఇటీవల ఏ పనియైన చేయించితిరా యని అడుగగా, చప్పుడు మాన్పుటకై సైలెన్సరు పట్టీలు, డోరు కీళ్ళు మార్పించితిమనియు, పదునెనిమిది వేల రూపాయలు వ్యయమైనవనియు చెప్పిరి. చప్పుడు పుట్టుటకు ముందు చేయించిన పనిని గూర్చి మాత్రము చెప్పలేదు. అది వారికి గుర్తునకు రాలేదు.

మేస్త్రీగారు మొదట పానా పట్టలేదు. కదలక నిలిచిన లారీలో ఇంజను వేగమును మెల్లగా పెంచి, తగ్గించి చూచిరి. గలగల లేదు. నిలిచినప్పుడు, ఇంజను వేగమును బట్టి మారు చప్పుడైనచో ఇంజను దిమ్మలు, సైలెన్సరు, రేడియేటరు పట్టీలు అనుమానింపదగినవి. సైలెన్సరునకు పెట్టిన వ్యయము వ్యర్థమైనదని ఆ నిమిషముననే తేలిపోయినది.

పిదప లారీలో ఊగులాడు వస్తువులన్నియు దింపించిరి. జాకీ, గొలుసులు, నీళ్ళ డబ్బా దిగినవి. బ్యాటరీ పెట్టె అడుగున మట్టిలో కూరుకొనిపోయిన ఒక పాత పానా దొరకినది. అది సైన్యము నాటిదే కావచ్చును. తమ్ముడు ఇదియే దొంగ యని సంతోషించెను. కాని మరునాడు తెల్లవారుజామున రాంనగర్ గుండు నుండి ఆడిక్‌మెట్ వైపు ఖాళీ లారీని నడిపి చూడగా గలగల యథాప్రకారముగా వినవచ్చెను. ఒక చప్పుడు తొలగినంతమాత్రమున అసలు చప్పుడు దొరకినదని భ్రమపడుట ఈ పనిలో మిక్కిలి సాధారణమైన పొరపాటు.

ఆ ప్రయాణములోనే మరికొన్ని సంగతులు తేలినవి. చదునైన దారిలో గేరు తీసివేసి కొన్ని గజములు పోనిచ్చినను గతుకు వచ్చినప్పుడు చప్పుడు వచ్చెను. (ఈ పరీక్షను పల్లములో ఎన్నడును చేయరాదు.) కనుక అది ఇంజను లాగుడునకు సంబంధించినది కాదు. షాఫ్టు క్రాసు అరిగినచో క్లచ్చి వదలునప్పుడో, వేగము పెంచి తగ్గించునప్పుడో టక్కుమని కొట్టును. అట్లు కొట్టలేదు. చక్రముతోపాటు లెక్కగా తిరుగు చప్పుడును కాదు. కావున బేరింగులను గూడ ప్రక్కకు పెట్టవచ్చును. గతుకునకు మాత్రమే పలుకునది కమానుకట్టయో, దానిని పట్టియుంచు సామగ్రియో, పైనున్న బాడీయో అయియుండవలెను.

ఆ నాలుగు మూలలలో ఏ మూల? మేస్త్రీగారు ఎంచుకొన్న ఉపాయము ఏ గ్రామములోనైనను చేయదగినది. రెండంగుళముల మందముగల చెక్కను నేలపై పరచి, మనిషి నడక వేగముతో ఒక్కొక్క చక్రమునే దానిపైకి ఎక్కించి దింపించిరి. మేము ఇరుప్రక్కల దూరముగా నిలిచి వింటిమి. ముందు కుడి చక్రము దిగినది, చప్పుడు లేదు. ముందు ఎడమ, వెనుక కుడి చక్రములు దిగినప్పుడును లేదు. వెనుక ఎడమ చక్రము చెక్కనుండి నేలకు దిగగానే గలగల మ్రోగినది. మూడుమార్లు చేసినను అంతే.

మరి డ్రైవరునకు తన వెనుక కుడి ప్రక్కన ఏల వినవచ్చెను? ఇనుములో శబ్దము గాలిలోకన్న సుమారు 15 రెట్లు వేగముగా పయనించును. లారీ చట్రములోని పొడుగాటి ఇనుప దూలములు చప్పుడును ఒక కొసనుండి మరియొక కొసకు మోసికొనిపోవును. ఖాళీ బాడీ తప్పెటవలె దానిని పెద్దది చేయును. అందుచే సీటులో కూర్చున్నవాని చెవిని నమ్మి వస్తువులను మార్చుట డబ్బు పారవేయుటయే.

చక్రములకు ముందు వెనుక దిమ్మలు పెట్టి, మేస్త్రీగారు క్రిందికి దూరి చిన్న సుత్తితో బోల్టులను ఒక్కొక్కటిగా తట్టిరి. బిగువుగానున్న బోల్టు ఖంగుమనును. వదులైనది మొద్దుగా పలుకును. ఎడమ ఇరుసును కమానుకట్టకు బిగించు యూ బోల్టులు రెండును మొద్దుగా పలికినవి. వాటి చుట్టును ఎఱ్ఱని సన్నపొడి కనబడినది. రెండు ఇనుప ముక్కలు బిగువు తప్పి ఒకదానిపై ఒకటి రాచుకొనినప్పుడే ఆ పొడి పుట్టును. పానా పెట్టగా నట్లు దాదాపు రెండు చుట్లు తిరిగినవి.

అప్పుడు అన్నగారికి జ్ఞాపకము వచ్చెను. దసరాకు ముందు ఆ ప్రక్క కమానుపట్టా విరుగగా క్రొత్తది వేయించియుండిరి. క్రొత్తగా కట్టిన కమానులో పట్టాల నడుమనున్న రంగు, త్రుప్పు కొద్దిరోజులకు నలిగి అణగును. అంతమేర బోల్టులు వదులగును. అందుచే కొంతదూరము నడచిన పిదప నట్లను మరల బిగింపవలెను. ఆ పని జరుగలేదు.

బరువు వేయగానే చప్పుడు ఆగిపోవుటకు కారణమును గూడ మేస్త్రీగారు చెప్పిరి. గొళ్ళెము ఊడిన తలుపునకు బస్తా ఆనించినచో అది గాలికి కొట్టుకొనదు. అంతమాత్రమున గొళ్ళెము బాగుపడినదని ఎవ్వరును అనరు. ఇచ్చటను అంతే. బోల్టు పట్టవలసిన చోటును బస్తాల బరువు అణచి పట్టుచుండెను. కాని బ్రేకు వేసినప్పుడు చక్రము ఆగును, లారీ ముందుకు త్రోయును. ఆ త్రోపును యూ బోల్టుల బిగువు భరింపవలెను. అది లేనప్పుడు భారమంతయు కమాను నడుమనున్న ఒక్క సెంటరు బోల్టుపై పడును. అది తెగినచో ఇరుసు ఒక ప్రక్క వెనుకకు జారి వంకరయగును, బండి పక్కకు లాగును. బరువు ఎక్కువైనకొలది, పల్లము నిడుపైనకొలది ఆ ప్రమాదము పెరుగును. చప్పుడు లేని ప్రయాణమే ఎక్కువ అపాయకరమైనదని అప్పుడు మాకు బోధపడినది.

చట్రమునకు గట్టి స్టాండులు పెట్టి కమానుకట్టను విప్పగా, సెంటరు బోల్టు నడుము అరిగి సగముమేర పగిలియుండెను. దానిని చేతిలో పట్టుకొని అన్నదమ్ములు చాలసేపు మాటలాడలేదు.

సాగిన యూ బోల్టులను మరల వాడక క్రొత్తవి తెప్పించిరి. వాటితోపాటు సెంటరు బోల్టును, నట్లను గూడ మార్చిరి. ఆనుచోట్లను కిరసనాయిలుతో కడిగి, లారీ బరువు కమానులపై నిలుపునట్లు దింపి, నాలుగు నట్లను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించిరి. పానాకు గొట్టము తొడిగి బలముకొలది లాగుటను మేస్త్రీగారు ఒప్పుకొనలేదు. ఎంత బిగువో చూపు పానాతో, పుస్తకములో చెప్పినంతకే బిగించిరి. అతిగా బిగించిన బోల్టు గూడ సాగి తెగును. బిగించిన నట్టుపైనుండి బోల్టు కొసవరకు సున్నముతో ఒక గీత గీసిరి. గీత తప్పినచో నట్టు కదలినదని డ్రైవరు వంగి చూచియే తెలిసికొనగలడు.

ఈ పనికైన ఖర్చు వారు అదివరకు పోగొట్టుకొన్నదానిలో సగమైనను కాలేదు. బస్తాలపై కూలీలను ఎక్కించుకొనుట మానుడని మేము చెప్పితిమి. తమ్ముడు నవ్వి ఊరకుండెను. ఆ నవ్వు మాకు నచ్చలేదు.

శివరాత్రికి రెండు దినములు ముందే లారీ శ్రీశైలము చేరినది. తిరుగు ప్రయాణములో మన్ననూరు దగ్గర ఆపి నట్లను మరల చూడగా పావు చుట్టు బిగిసినవని అన్నగారు ఫోనులో తెలిపిరి. వెనుక డాలా గొలుసు మాత్రము ఇప్పటికిని మ్రోగుచున్నదట.