వార్తల్లో పదం: బర్నౌట్

పని ఒత్తిడి దీర్ఘకాలం కొనసాగి మనిషిని లోపలి నుంచి ఖాళీ చేసే స్థితిని బర్నౌట్ అంటారు. 1974లో అమెరికా మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దీన్ని వర్ణించారు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దీనికో కొలమానం రూపొందించారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, వృత్తికి సంబంధించిన స్థితిగా పేర్కొంది. తీరని అలసట, పనిపై విముఖత, చేసేది ఎందుకూ పనికిరాదన్న భావన దీని ఆనవాళ్లు.

ఈ స్థితి టీచర్లకూ వస్తుంది; వారిలో భాషా ఉపాధ్యాయులకు ఇంకో చిక్కుంది. లెక్కకు జవాబు తేలుతుంది. వ్యాసం దిద్దాలంటే ప్రతి పిల్లవాడి వాక్యంలోకీ దిగాలి. పైగా తాము నేర్పే భాషలో తామే తడబడతామేమోనన్న బెరుకు. టీచర్లకూ ఈ భయం ఉంటుందని 1996లో భాషాబోధన పరిశోధకురాలు ఎలైన్ హార్విట్జ్ రాశారు.

మన దగ్గర ఈ బెరుకు భాషా టీచర్లకే పరిమితం కాలేదు. 2019 నవంబరులో జీవో 81 ద్వారా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి చేయబోయింది. 2020 ఏప్రిల్‌లో ఆ జీవోను హైకోర్టు కొట్టేసింది. బాపట్ల, రేపల్లె, తెనాలి పల్లెల్లో ఏళ్లతరబడి తెలుగులో సైన్సు, సాంఘికం చెప్పినవారికి ఇలాంటి మార్పంటే పాఠంతోపాటు భాషా మారడమే. మాధ్యమంపై వాదనంతా పిల్లల చుట్టూ నడిచింది, టీచరు మనసు ఊసే తక్కువ. టీచర్లలో బర్నౌట్ తగ్గాలంటే శ్వాసాభ్యాసాలు నేర్పితే సరిపోదు: తరగతిలో పిల్లల సంఖ్య, దిద్దాల్సిన పుస్తకాలు, బోధనేతర పనులు తగ్గాలి.