తొలి మోటారు సైకిలును ఎంచుకొనుట

మనము కొను వస్తువులలో పెక్కింటి విషయమున పొరపాటు జరిగినను నష్టము ధనమాత్రమే. చెప్పులు కరచిన యెడల విడువవచ్చును; గొడుగు చినిగిన యెడల మరియొకటి తెచ్చుకొనవచ్చును. మోటారు సైకిలు అట్టిది కాదు. దానిని ఎంచుటలో చేసిన పొరపాటునకు ఒక్కొక్కప్పుడు శరీరముతోనే మూల్యము చెల్లింపవలసి వచ్చును. కేంద్ర ప్రభుత్వ రోడ్డు రవాణా శాఖవారి లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోవుచుండినవారే. హెల్మెట్టు ధరింపక మరణించినవారు 50,029 మంది.

ఈ విషయము మన విద్యార్థులకు ఎంతమాత్రము దూరమైనది కాదు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయిగారు హైదరాబాదునందలి మాదాపూరులో సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిరి. అది మొదలు ఆ రాతినేల రూపము మారిపోయినది. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతములు కార్యాలయములతో నిండినవి. ఉన్నత పాఠశాల విడిచి, పై చదువు ముగించి, మన యువకులును యువతులును అనేకులు అచ్చటికే ఉద్యోగమునకు పోవుచున్నారు. కూకటిపల్లిలోనో మియాపూరులోనో లింగంపల్లిలోనో గది అద్దెకు తీసికొందురు. తొలి జీతము చేతబడగానే తొలి మోటారు సైకిలు మాట వచ్చును. ఆ దినము రాకముందే ఆలోచించి పెట్టుకొనుట మేలు.

యువకుడు అంగడికి పోయి మొదట అడుగు ప్రశ్న, “ఇది ఎంత వేగముగా పోవును?” అనునది. నేర్చుకొనువాడు అడుగవలసిన ప్రశ్నలు వేరు. “దీనిని నా కాళ్లు నిలుపగలవా? ఇది ఎంత దూరములో ఆగును?” ఈ రెంటికిని సమాధానము దొరికిన పిమ్మటనే తక్కిన గుణములను విచారింపవలెను.

మొదట నిలుపుట సంగతి. హైటెక్ సిటీ దారులు చదునైనవి కావు. ఎగుడు దిగుడు హెచ్చు. సాయంకాలమున వాహనములు చీమలబారు వలె కదలుచుండును. ఎక్కుడు దారిలో ఆగి, మరల క్లచ్చి వదలుచు, బండి వెనుకకు జారకుండ కదలించుటయే అక్కడ నేర్చుకొనువానికి ఎదురగు అసలు పరీక్ష. బరువైన బండి వేగముగా పోవునప్పుడు బాగుగనే నిలుచును; మెల్లగా పోవునప్పుడే ఒక ప్రక్కకు ఒరిగి మనలను పడద్రోయును. హీరో స్ప్లెండర్ ప్లస్ బండి బరువు సుమారు 112 కిలోలు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. హోండా షైన్ 100 అనునది సుమారు 99 కిలోలు, ఎత్తు 786 మిల్లీమీటర్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు సుమారు 195 కిలోలు, ఎత్తు 805 మిల్లీమీటర్లు. అనగా చివరిది రెండవదానికి దాదాపు రెండింతలు. అది చెడ్డ బండి అని నా భావము కాదు. తొలి బండి కాదని మాత్రమే చెప్పుచున్నాను. పొడవు తక్కువైనవారు సీటు ఎత్తును విశేషముగా చూచుకొనవలెను. బండిపై కూర్చుండి రెండు పాదములును నేలపై ఆనునో లేదో చూడుడు. దిగి దానిని పది అడుగులు వెనుకకు నెట్టుడు. హ్యాండిలును పూర్తిగా త్రిప్పి చిన్న మలుపు త్రిప్పుడు. ఈ మూడును ఆయాసము లేక చేయగలిగిన యెడల ఆ బండి మీకు తగినది.

ఇక ఇంజను. సి.సి. అనగా ఘన సెంటీమీటరు. ఇంజను గొట్టములో పిస్టను కదలునప్పుడు తుడుచు చోటి కొలత అది. నూరు సి.సి. బండికి సుమారు 8 గుఱ్ఱముల శక్తి ఉండును. ఇది చాలదని కొందరు చులకన చేయుదురు. కాని గచ్చిబౌలి ప్రక్కగా పోవు నెహ్రూ ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్ల పొడవు గలదైనను, దాని ప్రధాన మార్గముపై ద్విచక్ర వాహనములకు ప్రవేశము లేదు. ప్రక్కనున్న సర్వీసు రోడ్డుపైననే పోవలెను. తక్కిన వీధులలో నింపాదిగా పోవుట తప్ప గత్యంతరము లేదు. కాబట్టి అధిక శక్తికి డబ్బిచ్చినను దానిని ఉపయోగించు చోటు దొరకదు.

ఆగుట సంగతి లెక్కవేసి చూతము. గంటకు 40 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 11 మీటర్లు. కన్ను అపాయమును చూచి చేయి బ్రేకు పట్టుటకు ఒక సెకను అనుకొనుడు; అంతలోనే 11 మీటర్లు పోవుదుము. పొడి రోడ్డుపై బ్రేకు ప్రతి సెకనునకు 5 మీటర్ల వేగమును తగ్గించిన యెడల, ఆగుటకు మరి 12 మీటర్లు పట్టును. మొత్తము 23. అదే 60 కిలోమీటర్ల వేగమైన యెడల 17 మీటర్లును 28 మీటర్లును కలిసి 45. వేగము ఒకటిన్నర రెట్లు పెరిగినది. ఆగు దూరము దాదాపు రెండింతలైనది. బ్రేకు వేసిన పిమ్మట పోవు దూరము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగుటయే దీనికి కారణము. తొలకరి వానకు రోడ్డుపైని చమురు తేలినప్పుడు ఈ దూరము ఇంకను హెచ్చును.

బ్రేకు వేయగానే బరువంతయు ముందు చక్రముపైకి వ్రాలును గనుక, ఆపుటలో ముందు బ్రేకుదే పెద్ద పని. పలువురు దానికి భయపడి వెనుక బ్రేకునే త్రొక్కుదురు. అప్పుడు వెనుక చక్రము బిగిసి జారును. 2019వ సంవత్సరము ఏప్రిలు నుండి 125 సి.సి. వరకు గల క్రొత్త బండ్లకు కనీసము రెండు బ్రేకులను కలిపి పనిచేయించు సి.బి.ఎస్. ఏర్పాటును, అంతకు మించినవానికి చక్రము బిగియకుండ కాపాడు ఏ.బి.ఎస్. ఏర్పాటును ఉండవలెనని నిబంధన వచ్చినది. పాత బండి కొనువారు ఈ సంవత్సరమును గుర్తుంచుకొనుడు.

గేర్లు లేని స్కూటరు నేర్చుకొనుట సులభమే. అయితే దాని చక్రములు చిన్నవి; మోటారు సైకిలు చక్రము పెద్దది గనుక గుంతలను తేలికగా దాటును. దారినిబట్టి నిర్ణయించుకొనుడు.

ఖర్చు విషయము. గోపురము కట్టదలచినవాడు ముందుగా వ్యయము లెక్క చూచుకొనవలెనని ప్రభువు ఉపమానముగా బోధించెను గదా. దినమునకు 30 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 దినములు తిరిగిన యెడల 750 కిలోమీటర్లు. లీటరుకు 60 కిలోమీటర్లిచ్చు బండికి పన్నెండున్నర లీటర్లు చాలును. 35 ఇచ్చుదానికి 21 లీటర్లకు పైగా వలయును. ఏడాదికి ఈ తేడా నూరు లీటర్లకు మించును. నెలవాయిదా ఒక్కటే చూచి కొనువాడు దీనిని మరచును. 2018 సెప్టెంబరు నుండి క్రొత్త ద్విచక్ర వాహనమునకు ఐదేండ్ల థర్డ్ పార్టీ భీమా తప్పనిసరి. అది ఇతరులకు కలుగు నష్టమునకే. మన బండి నష్టమునకు వేరుగా భీమా చేయవలెను. పాత బండి కొనునప్పుడు రిజిస్ట్రేషను పత్రములోని ఇంజను, చాసీ నంబర్లను బండిపైని నంబర్లతో పోల్చి, చెల్లింపని చలానాలును అప్పును లేవని తెలిసికొని, జాగు చేయక పేరు మార్పించుకొనుడు.

చట్టము మాట మరువరాదు. గేర్లు గల మోటారు సైకిలునకు 18 ఏండ్లు నిండవలెను. మొదట లర్నరు లైసెన్సు. అది ఆరు నెలలు చెల్లును. 30 దినములు గడచిన పిమ్మటనే పరీక్షకు పోవలెను. ఆ కాలమున బండికి ముందు వెనుకల ‘ఎల్’ గుర్తు ఉండవలెను. నేర్పు లైసెన్సుదారుని తప్ప మరియొకరిని వెనుక ఎక్కించుకొనరాదు. తలిదండ్రులారా, 2019 నాటి సవరణ ప్రకారము మైనరు బండి నడిపి నేరము చేసిన యెడల సంరక్షకునికి 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్ల వరకు కారాగారమును విధింపవచ్చును. ముద్దుగా ఇచ్చిన తాళపుచెవి ఇంటిని చీకటి చేయరాదు.

నేర్చుకొను మొదటి నెలలలో ఇంటినుండి కార్యాలయము వరకు బండిపైననే పోవలెనను నియమము లేదు. హైటెక్ సిటీకి 2019 మార్చి 20వ తేదీన మెట్రో రైలు వచ్చినది, లింగంపల్లినుండి ఎం.ఎం.టి.ఎస్. రైలు కలదు. స్టేషను వరకు బండిపై పోయి, అక్కడినుండి రైలెక్కుట వివేకము. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఖాళీ మైదానమున ఆగుటను, మలుపు త్రిప్పుటను, ఎక్కుడులో కదలుటను అభ్యసింపుడు.

బండికి ధన మంతయు వెచ్చించి హెల్మెట్టునకు పిసినితనము చూపకుడు. ఐ.ఎస్.ఐ. ముద్ర గలదానిని, తలకు బిగువుగా సరిపోవుదానిని కొని, పట్టీ పెట్టుకొనుడు. పట్టీ లేని హెల్మెట్టు టోపీతో సమానము. వెనుక కూర్చుండువానికిని ఒకటి వలయును.

విద్యార్థులారా, మీరు సాయంకాలము ఇంటికి చేరుదురని ఎదురుచూచువారు కలరు. వారు మీ బండి వేగమును అడుగరు. అది గుమ్మము ముందు ఆగిన చప్పుడును వినగోరుదురు.