మధ్యాహ్నం మాత్ర

మా అత్తయ్యకు దగ్గు కొత్త కాదు. నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ వింటున్నాను. తెల్లారుజామున ఆవిడ దగ్గుతోనే మా ఇంట్లో అందరికీ మెలకువ. చుట్టా బీడీ ఎరగని మనిషి. నలభై ఏళ్లు కట్టెపొయ్యి ముందు కూర్చుని, వానాకాలంలో తడిపుల్లలు ఊదుకుంటూ వండినందుకు మిగిలిన ఆస్తి అది. వేరే జబ్బేదీ లేకుండా, ఏడాదికి మూడు నెలల చొప్పున వరసగా రెండేళ్లు కఫంతో దగ్గు ఉంటే దాన్ని క్రానిక్ బ్రాంకైటిస్ అంటారు. ఆవిడ ఆ లెక్క ఎప్పుడో దాటేశారు.

పోయిన కార్తీకంలో దగ్గు ముదిరింది. తెల్లగా పడే కఫం పచ్చగా, చిక్కగా మారింది. నాలుగడుగులేస్తే ఆయాసం. డాక్టరుగారు అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములవి రోజుకు మూడు చొప్పున ఐదు రోజులకు రాశారు. పదిహేను క్యాప్సూల్స్.

ఇక్కడే నా తెలివి పనిచేసింది. కార్తీకమాసం కదా, అత్తయ్య పగలు అన్నం ముట్టరు. "ఖాళీ కడుపున వేడి చేస్తుందేమో అమ్మాయ్" అన్నారు. "పోనీలెండి అత్తయ్యా, పొద్దున కాఫీ తాగాక ఒకటి, రాత్రి భోంచేశాక ఒకటి వేసుకోండి" అన్నాను. నాలుగు రోజులకు నెమ్మదించింది. మిగిలిన ఏడూ పారేయడానికి ప్రాణమొప్పక చిన్న సీసాలో పోసి పోపులడబ్బా పక్కన దాచాను. మళ్లీ వస్తే పనికొస్తాయి కదా!

పుష్యమాసం చలికి మళ్లీ వచ్చింది. సీసా తీశాను. మూడు రోజులు వేసినా తగ్గలేదు. నాలుగో రాత్రి ఆవిడ పడుకోలేక మంచం పట్టె పట్టుకుని తెల్లవార్లూ ఎగరొప్పుతూ కూర్చున్నారు. తర్వాత ఆరు రోజులు ఆస్పత్రి, ఆక్సిజన్.

"మధ్యాహ్నం మాత్ర ఏమైంది?" అని అడిగారు డాక్టరుగారు. తలొంచుకున్నాను. ఆయన కోప్పడకుండా విడమరిచి చెప్పారు.

మూడు పూటలంటే మూడు భోజనాలని నేననుకున్నాను. కాదు, ఎనిమిదేసి గంటలు. అమాక్సిసిలిన్ అన్నంతో వేసుకున్నా, తినకుండా వేసుకున్నా ఫరవాలేదు. కానీ అది రక్తంలో గంటా గంటన్నరకల్లా సగానికి పడిపోతుంది, మూత్రంలో వెళ్లిపోతుంది. బ్యాక్టీరియా చావాలంటే మందు ఒక మట్టానికి తగ్గకుండా చాలా గంటలు ఉండాలి. "పోనీ రాత్రి రెండు కలిపి మింగితే?" అన్నాను. ఈ మందు విషయంలో ఎంత ఎక్కువుందన్నది కాదు, ఎంతసేపు నిలిచిందన్నదే ముఖ్యమట. మంట భగ్గుమని లేచి ఆరిపోతే కందిపప్పు ఉడకదని నాకు తెలియదా!

మరి మా పక్కింటావిడకు రోజుకొక్కటే ఇచ్చారే? అది అజిత్రోమైసిన్. ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది. ఏ మందు లెక్క దానిదే. మూత్రపిండాలు బలహీనపడిన పెద్దవాళ్లకు కొన్ని మందుల మోతాదు తగ్గించాల్సి వస్తుంది. తగ్గించాల్సింది డాక్టరు, కోడలు కాదు.

అసలు దగ్గు పెరిగిన ప్రతిసారీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. చాలాసార్లు కారణం వైరస్, దానిమీద ఇవి పనిచేయవు. 1987లో కెనడాలోని విన్నిపెగ్ డాక్టర్లు పరీక్షించి చూస్తే ఆయాసం పెరగడం, కఫం ఎక్కువవడం, కఫం రంగు మారడం, ఈ మూడూ కలిసి వచ్చినవాళ్లకే వీటి మేలు బాగా కనిపించింది. అలాగని నెలల తరబడి మింగనూ అక్కర్లేదు. ఇప్పుడు చాలామందికి ఐదు రోజులే రాస్తున్నారు. కానీ ఆ ఐదు రోజులూ రాసినట్టే పడాలి.

పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలో ఒక కల్పిత కథ చెప్పాడు. ఒకాయన గొంతునొప్పికి చాలీచాలని పెన్సిలిన్ వేసుకుంటాడు. మందుకు లొంగకుండా రాటుదేలిన క్రిములు భార్యకు అంటుకుంటాయి. ఆవిడ న్యుమోనియాతో చనిపోతుంది. కథలు రాసేదాన్ని కదా, చనిపోయింది భార్య అన్నది నా మనసులోంచి పోవడం లేదు.

అత్తయ్యకు రెండోసారి తిరగబెట్టింది నావల్లేనా అని అడిగాను. అలా తేల్చి చెప్పలేమన్నారు డాక్టరుగారు. ఈసారి వేరే మందు రాసిచ్చారు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అని క్యాలెండర్ మీద రాసి పెట్టాను. రెండు కొట్టకముందే అత్తయ్యే కేకేసేవారు, "అమ్మాయ్, నా మధ్యాహ్నం మాత్రేదీ?" అని.