రంగు నీళ్లకు పత్తికట్టె బొగ్గు

పోచంపల్లి పాఠకుడొకరు అడిగారు: చిటికి (ఇక్కత్) కట్టిన నూలును రంగులో ముంచాక మిగిలే నీళ్లను పత్తికట్టె బొగ్గుతో, ఎండతో శుభ్రం చేయొచ్చా అని. సూత్రప్రకారం చేయొచ్చు, బొగ్గుకు ఒక తోడు ఉంటే.

ఒట్టి బొగ్గు రంగును పీల్చి దాచుకుంటుంది, అంతే. దాన్ని విరగ్గొట్టాలంటే బొగ్గు మీద టైటానియం డయాక్సైడ్ అంటించాలి. తెల్ల పెయింట్లలో కలిపే పొడే అది. అతినీలలోహిత కిరణం తగలగానే అందులోని ఎలక్ట్రాన్ ఒకటి పైస్థాయికి ఎగురుతుంది. అది వదిలిన ఖాళీ పేరు 'రంధ్రం'. ఆ రంధ్రం నీటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. రంగు అణువును ముక్కలు చేసేది ఇదే.

చిక్కేమిటంటే, ఎగిరిన ఎలక్ట్రాన్ చాలాసార్లు కన్నుమూసి తెరిచేలోపే మళ్లీ రంధ్రంలో పడుతుంది. అందిన వెలుగంతా వేడిగా మారి వృథా అవుతుంది. బొగ్గు గొప్పతనం ఇక్కడే! బాగా కాలిన బొగ్గులోని కార్బన్ పొరలు విద్యుత్తును మోస్తాయి. ఎలక్ట్రాన్‌ను తమవైపు లాగి, నీటిలో కరిగిన ఆక్సిజన్‌కు అప్పగిస్తాయి. రంధ్రం తన పని తాను చేసుకుపోతుంది. పైగా రాడికల్ ఆయుష్షు సెకనులో వంద కోట్లో వంతు లెక్కల్లో ఉంటుంది. అంతలోనే అందేలా బొగ్గు రంగును దగ్గరే పట్టి ఉంచుతుంది.

టైటానియం డయాక్సైడ్ వెలుగులో రంగులను వెలిసిపోయేలా చేస్తుందని 1938లోనే గుడీవ్, కిచెనర్ చూపారు. 1972లో ఫుజిషిమా, హోండా దీనితో నీటిని విడగొట్టాక అందరి చూపూ ఇటు మళ్లింది. పరీక్షకు వాడే మిథిలిన్ బ్లూ అనే రంగు నీలం పోతే చాలు, మామూలు వెలుగుకే పనిచేసే ఉత్ప్రేరకం దొరికిందని పరిశోధకులు ప్రకటించేవారు. 2006లో జపాన్‌కు చెందిన ఒహ్తాని బృందం ఈ తప్పు పట్టుకుంది. ఆ రంగే వెలుగును పీల్చుకుని ఎలక్ట్రాన్‌ను పొడికి అందించగలదు! బొగ్గు కూడా ఉంటే మోసం రెట్టింపు. అది రంగును పీల్చుకోవడం వల్ల చీకట్లో పెట్టినా నీలం తగ్గుతుంది. చీకటి పరీక్ష జరపని ఫలితాన్ని నేను నమ్మను.

ఇక పోచంపల్లి సంగతి. రియాక్టివ్ రంగుల తొట్టిలో ఉప్పూ సోడా ఉంటాయి. సోడాలోని కార్బోనేట్ రంగుకు అందకుండా రాడికల్‌ను మింగేస్తుంది. ఎండలో అతినీలలోహితం నూటికి ఐదు పాళ్లకు మించదు, ముదురు రంగు నీళ్లలోకి అదీ దిగదు. శుద్ధజలంలో చిటికెడు రంగు కలిపి సాధించిన ఫలితాలు ఇక్కడ చెల్లవు. పరిశోధకులు మిథిలిన్ బ్లూ సీసా పక్కనపెట్టి, అద్దకం తొట్టి నీళ్లనే పరీక్షకు తీసుకెళ్లాలి.